హాబీ అడిగితే నీళ్లు నమలొద్దు!

నెలకు అయిదు కొత్త మెటల్ ఆల్బమ్‌లు.. ఒక్కోదానికి వంద మాటలు

ఇంటర్వ్యూ సాఫీగా సాగుతోంది. టెక్నికల్ ప్రశ్నలు అయిపోయాయి. ప్యానెల్‌లో ఒకరు మీ రెజ్యూమె చివరి లైను చూసి, ‘మ్యూజిక్ వింటారా? ఎలాంటిది?’ అన్నారు. ‘హెవీ మెటల్ సర్’ అన్నారు మీరు. ‘ఈమధ్య వచ్చినవాటిలో ఏది బాగుంది? ఎందుకు?’ అని రెండో ప్రశ్న. అంతే! రోజంతా హెడ్‌ఫోన్స్‌తో తిరిగే మీకు ఒక్క పేరూ నోటికి రాలేదు. వచ్చినా ‘సూపర్‌గా ఉంటుంది సర్’ దగ్గరే ఆగిపోయారు.

మీరు అబద్ధం చెప్పలేదు. నిజంగానే వింటారు. కానీ ఎదుటివారికి అబద్ధంలాగే వినిపించింది. విన్నవాటిలోంచి ఎంచడం, ఎందుకు ఎంచామో చెప్పడం అలవాటు లేకపోవడమే దీనికి కారణం. ఆ అలవాటుకు తేలికైన సాధన ఒకటుంది. ప్రతి నెలా కొత్తగా వచ్చిన మెటల్ ఆల్బమ్‌లలో మీకు నచ్చిన అయిదింటిని తేల్చుకుని, కారణాలతో సహా రాసిపెట్టుకోండి.

శుక్రవారం రిలీజ్

మన సినిమాల్లాగే ఆల్బమ్‌లకూ శుక్రవారమే ముహూర్తం. 2015 జులై నుంచి చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌లు ఆ రోజే విడుదలవుతున్నాయి. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం వచ్చేవి. హెవీ మెటల్‌కు పునాదిగా చెప్పుకొనే బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్ వచ్చింది 1970 ఫిబ్రవరి 13న. అదీ శుక్రవారమే!

ప్రతి శుక్రవారం వచ్చినవాటిలో తలా ఒక పాట వినండి. చెవికి తగిలిన రెండు మూడింటిని పక్కన పెట్టుకోండి. నెలాఖరుకు పది దాకా పోగవుతాయి. చివరికి అయిదే మిగలాలి.

ఒక నెల చూద్దాం

ఉదాహరణకు 2025 మార్చి. 7న కెనడా బ్యాండ్ స్పిరిట్‌బాక్స్ ‘సునామీ సీ’, అమెరికా బ్యాండ్ వైట్‌చాపెల్ ‘హిమ్స్ ఇన్ డిసొనెన్స్’ వచ్చాయి. 21న మన దిల్లీ కుర్రాళ్ల బ్యాండ్ బ్లడీవుడ్ ‘ను డెల్హీ’, న్యూయార్క్ బ్యాండ్ ఇంపీరియల్ ట్రయంఫంట్ ‘గోల్డ్‌స్టార్’, బ్రిటన్ నుంచి క్రేడిల్ ఆఫ్ ఫిల్త్ ‘ద స్క్రీమింగ్ ఆఫ్ ద వాల్కిరీస్’ విడుదలయ్యాయి. 28న స్వీడన్ బ్యాండ్ ఆర్చ్ ఎనిమీ ‘బ్లడ్ డైనస్టీ’, న్యూజిలాండ్ బ్యాండ్ ఏలియన్ వెపన్రీ ‘తే రా’ పలకరించాయి. మొత్తం ఏడు. రెండు తీసేయాలి. ఏ రెండు?

‘ను డెల్హీ’ని ఉంచడానికి ‘మనవాళ్లు కదా’ అనేది కారణం కాదు. డోలు దెబ్బ, గిటార్ హోరు ఎక్కడ కలిశాయో, ఎక్కడ ఒకదాన్నొకటి మింగేశాయో చెప్పాలి. ఈ బ్యాండ్ 2022లో ‘రక్షక్’ను సొంతంగా విడుదల చేసింది. రెండూ విని ఏం మారిందో రాయొచ్చు. ఏలియన్ వెపన్రీ మావోరీ భాషలోనూ పాడుతుంది. సొంత భాషను మెటల్‌లోకి తెచ్చిన ఈ రెండు బ్యాండ్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, మంచి పేరా తయారవుతుంది. స్పిరిట్‌బాక్స్ గాయని కోర్ట్నీ లాప్లాంట్ మెత్తగా పాడగలరు, గర్జించగలరు. ఏ మాట దగ్గర గొంతు మారిందో గమనించండి.

‘గోల్డ్‌స్టార్’ మొదటిసారి వింటే గందరగోళంగా అనిపించొచ్చు. నచ్చకపోతే తీసేయండి. కానీ ఎందుకు తీసేశారో ఒక లైను రాయండి. మీ అభిరుచి ఏమిటో ఆ లైనులోనే తెలిసిపోతుంది.

మూడుసార్లు వినండి

* మొదటిసారి: ఫోన్ చూడకుండా, పాటల వరస మార్చకుండా మొదటి నుంచి చివరి దాకా.
* రెండోసారి: సాహిత్యం ముందు పెట్టుకుని. ఆ అరుపుల వెనక ఉన్నది కోపమా, దుఃఖమా, వెటకారమా?
* మూడోసారి: ఒక్క వాయిద్యాన్నే పట్టుకుని. డ్రమ్స్ అనుకుంటే డ్రమ్సే.

తర్వాత వంద మాటలు రాయండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి. ‘సూపర్’, ‘కేక’, ‘మైండ్ బ్లాక్’ లాంటి మాటలు నిషేధం. అవి లేకుండా ఏం రాయాలో తోచక పెన్ను ఆగిపోతుంది చూడండి, అసలు సాధన అక్కడే మొదలవుతుంది.

ముప్పావు గంట ఆల్బమ్‌ను మూడుసార్లు వింటే, అయిదింటికి నెలకు పదకొండు గంటల పైచిలుకు. కాలేజీ బస్సులోనే సగం అయిపోతుంది. పరీక్షలుంటే అయిదును రెండు చేసుకోండి, మానేయొద్దు. వాల్యూమ్ మాత్రం జాగ్రత్త. పెద్దలకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగితే ఆ గంటలు బాగా తగ్గిపోతాయి.

పాత లిస్టు దిద్దొద్దు

ఆరు నెలల తర్వాత పాత లిస్టు తిరగేస్తే కొన్ని చూసి నవ్వొస్తుంది. ‘దీన్నెలా మొదటి స్థానంలో పెట్టాను?’ అనిపిస్తుంది. దాన్ని చెరిపేయకండి. తేదీ వేసి, అభిప్రాయం ఎందుకు మారిందో కింద రాయండి. ‘మీ నిర్ణయం ఎప్పుడైనా తప్పయిందా?’ అని ప్యానెల్ అడిగితే అరువు తెచ్చుకున్న జవాబు అక్కర్లేదు.

తెలియనివారికి చెప్పగలగాలి

ప్యానెల్‌లో మెటల్ తెలిసినవారు ఉండకపోవచ్చు. ‘ట్యూనింగ్, రిఫ్’ అంటూ మొదలుపెడితే వారికి ఆసక్తి పోతుంది. ‘ఈ సంగీతం ఎందుకంత బరువుగా ఉంటుంది?’ అని అడిగారనుకోండి. బ్లాక్ సబాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ కథ చెప్పొచ్చు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 17 ఏళ్ల వయసులో, ఉద్యోగంలో చివరి రోజున, యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఎడమచేతి వాటం కావడంతో తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వాడాడు. తర్వాత తీగల బిగువూ తగ్గించాడు. శబ్దం కిందికి దిగి, మరింత బరువెక్కింది. గిటార్ పట్టనివారికైనా ఇది అర్థమవుతుంది. మీ లిస్టులోని ఒక్కో ఆల్బమ్ గురించి ఇలాగే ఇంట్లో అమ్మకు చెప్పి చూడండి. ‘ఆ గోలేంట్రా’ అన్న అమ్మే ‘తర్వాతేమైంది?’ అని అడిగితే మీరు పాసైనట్టే.

లిస్టు రాసినంత మాత్రాన ఉద్యోగం రాదు. ఆప్టిట్యూడ్, సబ్జెక్టు తర్వాతే ఇదంతా. కానీ రెజ్యూమెలో అందరూ రాసే ఆ ఒక్క లైను మీ విషయంలో నిజమని తేలుతుంది. పన్నెండు నెలల్లో అరవై ఆల్బమ్‌లు, ఆరు వేల మాటలు మీ చేతిలో ఉంటాయి. వచ్చే శుక్రవారం నుంచే మొదలుపెట్టండి!