పైసలు పెట్టే ముందు ఈ మాటలు తెలుసుకుందాం

ఈమధ్య మన సోలాపూర్ ఇండ్లల్ల భిషి ముచ్చటతో పాటు షేర్ల ముచ్చట కూడా నడుస్తోంది. తాతకు పీఎఫ్, గ్రాట్యుటీ పైసలు చేతికి రాంగనే "బ్యాంకుల ఎందుకు తాతా, షేర్ల పెడుదాం" అనే మనుమలు ఎక్కువైండ్రు. నేను వద్దనడం లేదు. మాటల అర్థం తెలుసుకొని దిగండి, అంతే.

షేరు: కంపెనీలో చిన్న వాటా. డిపాజిట్ కాదు, అసలు తిరిగొస్తదన్న హామీ లేదు. మన జూనీ గిర్ని కూడా షేర్లతో నడిచిన కంపెనీయే. 1949లో అది మూతపడితే, 1950లో సర్కారు దాని కారోబారు తన చేతికి తీసుకుంది. ఒక వాటాదారు సుప్రీంకోర్టుకు పోయి ఓడిపోయిండు. షేరు ఆయన పేరు మీదనే ఉంది, గిర్ని నడిపే మాట మాత్రం ఆయనకు దక్కలేదు.

కంపెనీ దివాలా తీసి ఆస్తులు అమ్మితే, ఇప్పటి చట్టం ప్రకారం కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు మీద అప్పిచ్చినోళ్ల బాకీలు ముందు వరుసలో ఉంటాయి. మామూలు షేర్లు ఉన్నోళ్లది అందరికన్నా చివరి వరుస. గిర్నీలు మూతపడంగ చూసిన మనకు ఆ వరుస ఎంత పొడుగుంటదో తెలుసు.

డివిడెండ్: లాభంలోంచి వాటాదారులకు పంచేది. వడ్డీలాగ ఖాయం కాదు. లాభం వచ్చినా పంచకపోవచ్చు.

సెన్సెక్స్, నిఫ్టీ: ఒకటి 30, ఇంకొకటి 50 పెద్ద కంపెనీల ధరల సూచీ. అది పెరిగిందంటే మన చేతిలోని షేరు పెరిగిందని కాదు.

డీమ్యాట్: షేర్లు జమయ్యే ఖాతా. నామినీ పేరు తప్పక రాయించండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, అల్లుడైనా సరే.

సిప్: మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే పద్ధతి. కట్టుడు భిషి లెక్కనే, కానీ చేతికొచ్చేది ఎంతో ముందే తెలువదు. ఆరోజు యూనిట్ ధర ఎంతుంటే అంతే.

ఎఫ్ అండ్ ఓ: ఇది షేరు కొనుడు కాదు. ధర పెరుగుతదా, పడుతదా అని గడువు పెట్టుకొని చేసే ఒప్పందం. సెబీ 2024లో చెప్పిన లెక్క ప్రకారం, 2021-22 నుంచి 2023-24 దాకా మూడేండ్లలో ఇందులో దిగిన మామూలు మనుషుల్లో 100కి 93 మంది నష్టపోయారు. గ్రాట్యుటీ పైసలకు ఇది చోటు కాదు.

ఇక "గ్యారంటీ లాభం" అని ఫోన్‌కు మెసేజ్ వస్తే, ఆ మనిషి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నంబరు చెప్పినా సెబీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. నంబరు నిజమే అయినా సరే, షేర్లలో లాభం గ్యారంటీ అన్న మనిషికి పైసా ఇవ్వకండి. బిడ్డ పెండ్లికి, మందులకు, ఇంటి కిరాయికి దాచినవి పక్కన పెట్టి, ఐదారేండ్లు ముట్టకున్నా ఇల్లు నడిచే పైసలుంటేనే ఈ బజారుకు రండి.