స్థూల కెలోరిఫిక్ విలువ

ప్రమాణ పరిమాణంలో ఉన్న ఇంధనాన్ని పూర్తిగా దహనం చేసి, దహన ఫలితాలను తిరిగి మొదటి ఉష్ణోగ్రతకు చల్లార్చినప్పుడు వెలువడే మొత్తం ఉష్ణాన్ని ఆ ఇంధనం యొక్క స్థూల కెలోరిఫిక్ విలువ అంటారు. దీనిని స్థూల ఉష్ణ విలువ అని కూడా వ్యవహరిస్తారు. బొగ్గుకు దీనిని కిలోగ్రాముకు కిలోకేలరీలలోను, సహజవాయువుకు ఘనపు మీటరుకు కిలోకేలరీలలోను చెప్పడం పరిపాటి. కొనుగోలుదారునికి నిజానికి కావలసినది బొగ్గు బరువో, వాయువు ఘనపరిమాణమో కాదు, వాటిలోని ఉష్ణం. అందువలన ఇంధన సరఫరా ఒప్పందాలలో ధర ఈ విలువపై ఆధారపడి ఉంటుంది. కడప జిల్లాలోని రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం వంటి సంస్థలకు ఈ కొలత చాలా ముఖ్యమైనది.

స్థూల, నికర విలువలు

ఇంధనంలోని హైడ్రోజన్ మండినప్పుడు నీటి ఆవిరి ఏర్పడుతుంది. ఇంధనంలో ముందే ఉన్న తేమ కూడా ఆవిరిగా మారుతుంది. ఈ ఆవిరి మళ్ళీ నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణాన్ని కలుపుకొంటే వచ్చేది స్థూల విలువ. ఆ ఉష్ణం పొగగొట్టం ద్వారా బయటికి పోయినదని భావించి దానిని తీసివేస్తే మిగిలేది నికర విలువ. హైడ్రోజన్ ఎక్కువగా గల సహజవాయువులో ఈ రెండింటి మధ్య తేడా సుమారు 10 శాతం ఉంటుంది. బొగ్గులో ఈ తేడా తక్కువ. మీథేన్ స్థూల విలువ కిలోగ్రాముకు సుమారు 55.5 మెగాజౌళ్ళు, నికర విలువ సుమారు 50 మెగాజౌళ్ళు.

కొలిచే విధానం

బొగ్గు విలువను బాంబ్ కెలోరిమీటర్ అనే పరికరంతో కొలుస్తారు. మెత్తగా పొడి చేసిన సుమారు ఒక గ్రాము బొగ్గును చిన్న మూసలో ఉంచి, దానిని దృఢమైన ఉక్కు పాత్రలో అమర్చుతారు. ఈ పాత్రనే బాంబ్ అంటారు. అందులో సుమారు 25 నుండి 30 అట్మాస్ఫియర్ల పీడనం వద్ద ఆక్సిజన్ నింపి, పాత్రను నీటిలో ముంచుతారు. సన్నని తీగ గుండా విద్యుత్తు పంపి బొగ్గును మండించినప్పుడు నీటి ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఆ పెరుగుదలను పరికరం యొక్క జలతుల్యాంకంతో గుణిస్తే వెలువడిన ఉష్ణం తెలుస్తుంది. జలతుల్యాంకాన్ని ముందుగా, విలువ కచ్చితంగా తెలిసిన బెంజోయిక్ ఆమ్లాన్ని మండించి నిర్ధారిస్తారు.

ఉదాహరణకు, జలతుల్యాంకం డిగ్రీకి 2,400 కేలరీలు అనుకొందాం. ఒక గ్రాము బొగ్గును మండించినప్పుడు ఉష్ణోగ్రత 1.5 డిగ్రీలు పెరిగితే వెలువడిన ఉష్ణం 3,600 కేలరీలు. అనగా ఆ బొగ్గు విలువ కిలోగ్రాముకు 3,600 కిలోకేలరీలు. మండిన తీగ నుండి, ఏర్పడిన ఆమ్లాల నుండి వచ్చిన స్వల్ప ఉష్ణాన్ని ఇందులోనుండి తీసివేయవలసి ఉంటుంది.

బొగ్గు గ్రేడులు

భారతదేశంలో 2012 జనవరి 1కి ముందు, కోకింగుకు పనికిరాని బొగ్గును ఉపయోగ ఉష్ణ విలువ ఆధారంగా వర్గీకరించేవారు. బూడిద, తేమ శాతాల మొత్తాన్ని 138తో గుణించి, 8,900 నుండి తీసివేసి ఈ విలువను కనుగొనేవారు. ఆ తేదీ నుండి స్థూల కెలోరిఫిక్ విలువ ఆధారంగా జి-1 నుండి జి-17 వరకు 17 గ్రేడులు అమలులోకి వచ్చాయి. 7,000 కిలోకేలరీలు దాటినది జి-1. ఆ తరువాత ప్రతి గ్రేడు వెడల్పు 300 కిలోకేలరీలు. పై ఉదాహరణలోని బొగ్గు 3,400 - 3,700 మధ్య ఉన్నందున జి-13 గ్రేడుకు చెందుతుంది.

తేమ వలన వచ్చే తేడా

ఒకే బొగ్గుకు, తేమను ఏ స్థితిలో లెక్కించారన్న దానిని బట్టి వేర్వేరు విలువలు వస్తాయి. గాలికి ఆరిన స్థితిలో 6 శాతం తేమతో 3,600 కిలోకేలరీలు ఉన్న బొగ్గు, మొత్తం 12 శాతం తేమతో కేంద్రానికి చేరిందనుకొందాం. అందిన స్థితిలో దాని విలువ 3,600ను 88తో గుణించి 94తో భాగిస్తే వస్తుంది. అది సుమారు 3,370. ఈ అంకె జి-14 పరిధిలోనిది. బొగ్గు మారలేదు, లెక్క ఆధారం మారినది. కావున ఒప్పందంలో అంకెతోపాటు అది ఏ స్థితికి చెందినదో స్పష్టంగా వ్రాసుకోవలసి ఉంటుంది. అట్లు వ్రాయని చోట వివాదాలు తప్పవు.

నమూనా సేకరణ

పరికరంలో మండేది ఒక గ్రాము, చెల్లింపు జరిగేది ఒక రైలు మొత్తానికి. అందువలన దోషాలకు ఎక్కువ అవకాశం పరికరంలో కంటే నమూనా సేకరణలోనే ఉన్నది. ఒక వ్యాగనులో పెద్ద గడ్డలు, పొడి, మట్టి, రాళ్ళు కలిసి ఉంటాయి. పై భాగం నుండి మాత్రమే తీసిన నమూనా వ్యాగను మొత్తానికి ప్రతినిధి కాజాలదు. కొన్ని వ్యాగన్లను ఎంపిక చేసి, వాటి నుండి తీసిన బొగ్గును నలగగొట్టి, కుప్పగా పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను మాత్రమే ఉంచుకొంటూ పరిమాణాన్ని తగ్గిస్తారు. చివరి నమూనాను భాగాలుగా సీలు చేస్తారు. ఒక భాగం పరీక్షకు పోతుంది, మరొకటి వివాదం వచ్చినప్పుడు తెరవడానికి రెఫరీ నమూనాగా ఉంటుంది. పరీక్షలో ప్రకటిత గ్రేడు కంటే తక్కువ వస్తే విక్రేత క్రెడిట్ నోట్ ద్వారా తేడా సొమ్మును సర్దుబాటు చేస్తాడు. ఇరుపక్షాలకు చెందని మూడవ సంస్థ చేత నమూనా తీయించే పద్ధతి కూడా వచ్చినది. ధన్‌బాద్‌లోని కేంద్రీయ గనుల, ఇంధన పరిశోధన సంస్థ ఈ పని చేసిన సంస్థలలో ప్రధానమైనది.

రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం

ఈ కేంద్రం కడప జిల్లా యర్రగుంట్ల మండలంలో, ముద్దనూరుకు సమీపంలో ఉన్నది. మొదటి రెండు యూనిట్లు 1994, 1995 సంవత్సరాలలో ప్రారంభమయ్యాయి. 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 2018లో వచ్చిన 600 మెగావాట్ల యూనిట్ ఒకటి, మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లు. రాయలసీమలో బొగ్గు గనులు లేవు. సింగరేణి నుండి, ఒడిషాలోని మహానది బొగ్గు గనుల నుండి బొగ్గు వందల కిలోమీటర్లు రైలులో రావలసి ఉంటుంది. బొగ్గులో బూడిద, రాయి ఎక్కువగా ఉంటే వాటికి కూడా రైలు కిరాయి చెల్లించినట్లే.

ఒక యూనిట్ విద్యుత్తుకు 2,500 కిలోకేలరీల ఉష్ణం అవసరమనుకొంటే, 3,600 విలువ గల బొగ్గు 694 గ్రాములు సరిపోతుంది. విలువ 3,300కు పడిపోతే 758 గ్రాములు కావాలి. 210 మెగావాట్ల యూనిట్ ఒక రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 50.4 లక్షల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. దానికి అదనంగా సుమారు 318 టన్నుల బొగ్గు, అనగా సుమారు ఐదు వ్యాగన్ల బొగ్గు ఖర్చవుతుంది. విద్యుత్ ధరలో ఇంధన వ్యయం ఒక భాగం కనుక ఈ భారం చివరికి వినియోగదారులపైన, రైతుల ఉచిత విద్యుత్తుకు సబ్సిడీ భరించే ప్రభుత్వంపైన పడుతుంది.

బొగ్గు విలువను ఎక్కడ కొలవాలన్నది మరొక ప్రశ్న. నిలువ ఉన్న బొగ్గు గాలి తగిలి నెమ్మదిగా ఆక్సీకరణం చెంది విలువ కోల్పోతుంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి తన పరిధిలోని కేంద్రాలకు 2014 నిబంధనలలో, బాయిలరులో వేసేటప్పటి విలువకు బదులు అందినప్పటి విలువను ఆధారంగా తీసుకొన్నది. 2019 నిబంధనలలో నిలువ నష్టం క్రింద కిలోగ్రాముకు 85 కిలోకేలరీల తగ్గింపును అనుమతించినది.

సహజవాయువు

సహజవాయువును సాధారణంగా బాంబ్ కెలోరిమీటరులో మండించరు. గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అనే పరికరంతో అందులోని మీథేన్, ఈథేన్, ప్రొపేన్, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ మొదలైన వాటి పాళ్ళను కనుగొని, ఒక్కొక్క వాయువు విలువను దాని పాలుతో గుణించి కూడుతారు. వాయువు ఘనపరిమాణం పీడన, ఉష్ణోగ్రతలను బట్టి మారుతుంది కనుక ఒప్పందంలో ప్రమాణ స్థితిని కూడా పేర్కొంటారు. అమ్మకపు ప్రమాణం పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లు, అనగా సుమారు 2.52 లక్షల కిలోకేలరీలు.

స్థూల, నికర విలువల తేడా ధరలో స్పష్టంగా కనబడుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 క్షేత్రపు వాయువుకు మొదట నిర్ణయించిన 4.2 డాలర్ల ధర నికర విలువ ఆధారంగా ఉండేది. 2014 నవంబరు 1 నుండి దేశీయ వాయువుకు ప్రకటించిన 5.05 డాలర్ల ధర స్థూల విలువ ఆధారంగా లెక్కించబడినది. నికర ప్రాతిపదికన అది సుమారు 5.61 డాలర్లకు సమానం. ఆధారాన్ని గమనించక ఈ రెండు ధరలను నేరుగా పోల్చడం సరికాదు.

ఇవి కూడా చూడండి

బొగ్గు
సహజవాయువు
గుప్తోష్ణం
సింగరేణి బొగ్గు గనులు