చిప్పుల పెట్టుబడి - నష్టం ఎవరి ఖాతాలో?

హత్నూర నుంచి పటాన్‌చెరు దాకా కంపెనీ బస్సుల్లో పోయే కాంట్రాక్టు లేబర్‌లో మాల, మాదిగ వాడల యువకులు చాలామంది ఉన్నారు. వాళ్ళ సెల్‌ఫోన్లలోకి కూడా ఇప్పుడు 'ఏఐ' వచ్చింది. 'లక్షల కోట్లు పెడుతున్నరంట, మనకేమన్న పనులొస్తయా?' అని అడుగుతున్నారు. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆ లక్షల కోట్లు ఎక్కడివి? రేపు మునిగితే ఎవరు కట్టాలి?

అంబేడ్కర్ 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాశారు. డబ్బు లెక్క చూడటం మనకు కొత్త విద్య కాదు.

డబ్బు తిరిగే తీరు

కృత్రిమ మేధ గాల్లో ఉండేది కాదు. దానికి చిప్పులు కావాలి. చిప్పులు పెట్టడానికి డేటా సెంటర్లు కావాలి. వాటికి భూమి, కరెంటు, నీళ్ళు కావాలి. చిప్పులమ్మే ఎన్‌విడియా మార్కెట్ విలువ 2025 అక్టోబరులో 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అమ్మేవాడి సంగతి బాగనే ఉంది. మరి కొనేవాడి సంగతి?

ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2025 నవంబరులో చెప్పిన లెక్కే చూద్దాం. ఆ సంవత్సరాంతానికి ఆదాయం ఏడాదికి 2,000 కోట్ల డాలర్లకు మించిన స్థాయికి వస్తుందన్నాడు. ఒప్పుకున్న ఖర్చు 8 ఏళ్ళలో సుమారు 1.4 లక్షల కోట్ల డాలర్లు. అంటే సగటున ఏడాదికి 17,500 కోట్లు. వచ్చేదానికి, పెట్టేదానికి మధ్య ఉన్న ఈ గండిని అప్పులతో, కొత్త వాటాలతో పూడ్చాలి.

2025 సెప్టెంబరులో ఎన్‌విడియా 10,000 కోట్ల డాలర్ల దాకా ఓపెన్‌ఏఐలో పెడతానని ప్రకటించింది. ఓపెన్‌ఏఐ కొనేది ఎక్కువగా ఎన్‌విడియా చిప్పులే. ఊళ్ళో షావుకారు తానే అప్పిచ్చి, ఆ అప్పుతో తన దుకాణంలోనే సరుకు కొనిపించినట్టు ఉంది ఇది. ఖాతా పుస్తకంలో బేరం పెరుగుతది. కానీ అప్పు తీరాలంటే చేనులో పంట పండాలి.

ఇంకో మెలిక ఉంది. ఈ యంత్రాలు 5, 6 ఏళ్ళలో అరిగిపోయినట్టు కంపెనీలు లెక్క రాస్తాయి. 2025లో అమెజాన్ కొన్ని సర్వర్ల ఆయుష్షును 6 ఏళ్ళ నుంచి 5కు తగ్గించింది. అదే ఏడాది మెటా 5.5 ఏళ్ళకు పెంచింది. ఆయుష్షు పెంచి రాస్తే ఆ ఏటి ఖర్చు తగ్గుతుంది, కాయితం మీద లాభం పెరుగుతుంది.

దీనర్థం ఈ సాంకేతికం ఉత్తదే అని కాదు. గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి వాటికి పాత వ్యాపారాల లాభాలున్నాయి. 2000 తర్వాత టెలికాం కంపెనీలు కుప్పకూలినా, అవి వేసిన కేబుళ్ళు తర్వాత పనికొచ్చాయి. సాంకేతికం నిలుస్తుంది. మధ్యలో నష్టపోయేది ఎవరన్నదే మన ప్రశ్న.

ఫ్యాబ్ సిటీ పాఠం

ఈ ప్రశ్నకు జవాబు కోసం అమెరికా పోవాల్సిన పని లేదు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సెమ్‌ఇండియా అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. హైదరాబాద్ పక్కన మహేశ్వరం వైపు 'ఫ్యాబ్ సిటీ' అన్నారు. 1,200 ఎకరాలు, 300 కోట్ల డాలర్లు, ఏఎండీ సాంకేతికం అన్నారు. 2007లో కేంద్రం రాయితీల విధానం కూడా తెచ్చింది. చిప్పుల ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. ఆ జాగ తర్వాత సోలార్, ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు పోయింది.

ఇప్పుడు సర్కారు సొమ్ము ఇంకా పెద్దది. 2023లో ప్రకటించిన గుజరాత్ సనంద్ మైక్రాన్ ప్లాంటు ఖర్చు 275 కోట్ల డాలర్లు. అందులో కేంద్రానిది 50 శాతం, రాష్ట్రానిది 20 శాతం. కంపెనీ పెట్టేది 82.5 కోట్ల దాకా మాత్రమే. అంటే నూటికి డెబ్బై ప్రజలవి, ఫ్యాక్టరీ కంపెనీది. 2025 జనవరిలో అమెజాన్ తెలంగాణలో డేటా సెంటర్లకు 60,000 కోట్ల రూపాయలన్నది. అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 5 ఏళ్ళలో 1,500 కోట్ల డాలర్లన్నది. అక్కడ తర్లువాడలో డి-పట్టా భూములు చేసుకునే రైతులు అభ్యంతరం చెప్పారు.

మన భూమి, మన అనుభవం

కంపెనీ ఇచ్చేది వాగ్దానం. మనం ఇచ్చేది భూమి. వాగ్దానం వాయిదా పడుతుంది, భూమి మాత్రం వెంటనే పోతుంది. పోయేదాంట్లో లావుణి పట్టా భూములు ముందుంటాయి. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మడానికి, కొనడానికి లేదు. మన భూమి మనకు దక్కడానికి తెచ్చిన ఈ చట్టాన్నే చూపించి, 'ఇది సర్కారు భూమే గదా' అని అధికారులు తక్కువ ఇచ్చి లాక్కోవడం అలవాటైంది. 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకు కూడా పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ కట్టి పరిహారం ఇవ్వాలని తేల్చింది. ఈ తీర్పు ప్రతి వాడలో తెలిసి ఉండాలి.

పటాన్‌చెరు బెల్టు ఇంతకుముందే ఒక జోరు చూసింది. వెనుకబడిన ప్రాంతమని రాయితీలిచ్చి బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు తెచ్చారు. నక్కవాగు విషమై మంజీరలో కలిసింది. 1990లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. లాభాలు షేర్‌హోల్డర్లకు చేరినయి, కలుషితం ఊళ్ళకు మిగిలింది. అయినా ఆ ఫ్యాక్టరీల్లో కనీసం కాంట్రాక్టు కూలి దొరికింది. డేటా సెంటర్ కట్టేటప్పుడే కూలీలు కావాలి. కట్టినంక గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల కొద్దిమంది ఇంజనీర్లు చాలు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు లేవు కనుక ఆ కొద్దిమందిలో మనవాళ్ళెందరో ఊహించుకోవచ్చు.

కాబట్టి కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు అడగాల్సినవి నాలుగున్నాయి. ఒప్పందాల పూర్తి కాయితాలు బయట పెట్టాలి. భూమిని అమ్మకానికి కాకుండా కౌలుకే ఇవ్వాలి. రాయితీ తీసుకున్న కంపెనీ, ఎన్ని ఉద్యోగాలు ఏ కులాల వారికి ఇచ్చిందో ఏటా లెక్క చెప్పాలి. సేకరించిన భూమి 5 ఏళ్ళు వాడకపోతే అసలు యజమానికో, ప్రభుత్వ భూ బ్యాంకుకో తిరిగి పోవాలని 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ చెబుతున్నది. మన భూమి విషయంలో అది భూ బ్యాంకుకు కాదు, తీసుకున్న రైతుకే రావాలి.

చిప్పు 6 ఏళ్ళలో పాతబడుతుంది. భూమి పోతే మూడు తరాలైనా తిరిగిరాదు. సంతకాలు కాకముందే ఈ లెక్క గ్రామసభలో మాట్లాడుకోవాలి.