అగ్గిపెట్టెలో చీర ఎట్లా పట్టింది?

"అగ్గిపెట్టెల చీర ఎట్ల పడుతది? గట్ల నెయ్యాలని ఆయనకు ఎట్ల తట్టింది?"

సిరిసిల్ల సంగతి విన్న పిల్లలు వెంటవెంటనే అడిగే ప్రశ్నలు ఈ రెండూ. మొదటిది లెక్కకు సంబంధించింది, రెండోది మనిషి మనసుకు సంబంధించింది. మొదటిదాన్ని దాటకుండా రెండోదానికి జవాబు దొరకదు. అందుకే ముందు చీర సంగతి చూద్దాం.

సిరిసిల్ల 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రం. ఊళ్లో అడుగు పెడితే వినిపించేది సాంచాల చప్పుడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. అలాంటి ఊళ్లో చేతిమగ్గం మీద అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్నవారు నల్ల పరంధాములు. ఆయన కొడుకు నల్ల విజయ్ కూడా అలాంటి చీరే నేసి 2022 జనవరిలో హైదరాబాద్‌లో మంత్రులకు చూపించారు.

ఇప్పుడు లెక్క. మామూలు అగ్గిపెట్టె లోపల సుమారు 20 ఘన సెంటీమీటర్ల చోటు ఉంటుంది. ఐదున్నర మీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల పన్నా ఉన్న చీరను నేల మీద పరిస్తే దాదాపు 63 వేల చదరపు సెంటీమీటర్లు వస్తుంది. 20ని 63 వేలతో భాగించండి. చీర మందం మూడు మైక్రాన్ల చిల్లరకు మించితే పెట్టెలో పట్టదని తేలుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పట్టుపురుగు వదిలే ఒంటి పోగే పది మైక్రాన్లకు పైన ఉంటుంది. మగ్గానికి ఎక్కేది అలాంటి పోగులు కొన్ని కలిపి తీసిన దారం. ఎంత సన్నంగా తీసినా అది 40 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. నలభై ఎక్కడ, మూడు ఎక్కడ? లెక్క ప్రకారం ఈ చీర అసాధ్యం.

కానీ చీర ఉంది. అంటే మన లెక్కలోనే ఎక్కడో పొరపాటు ఉండాలి. చీరను మనం సందులేని రేకులా ఊహించుకున్నాం. బట్ట రేకు కాదు. నిలువుగా సాగే పడుగు పోగులు, అడ్డంగా పోయే పేక పోగులు, వాటి నడుమ ఖాళీ. ఆ ఖాళీలో ఉన్నది గాలి. సెంటీమీటరుకు ఎనిమిది పడుగు పోగులు, ఎనిమిది పేక పోగులు మాత్రమే ఉండేటట్టు 40 మైక్రాన్ల పట్టుదారంతో నేశామనుకుందాం. అప్పుడు చీర మొత్తంలో ఉన్న అసలు పట్టు దాదాపు 13 ఘన సెంటీమీటర్లే. ఓపికగా మడిచి, గాలిని ఒత్తి తీసేస్తే అది 20లో ఇమిడిపోతుంది. సన్నదనం ఒక్కటే చాలదు, పోగుకీ పోగుకీ మధ్య ఎడం కూడా కావాలి.

ఎడంగా నేయడం సులువనుకుంటాం. నిజానికి అదే కష్టం. పోగులు దగ్గరగా ఉంటే ఒకదానికొకటి ఆసరా. ఎడం పెరిగితే ఆ ఆసరా పోయి పక్కకు జరుగుతాయి, బట్ట చీలికలు చీలికలుగా కనిపిస్తుంది. దీనికి పట్టులోనే ఒక ఉపాయం దాగి ఉంది. పచ్చి పట్టుపోగు చుట్టూ సెరిసిన్ అనే జిగురు పొర ఉంటుంది. పోగు బరువులో దాదాపు నాలుగో వంతు అదే. ఉడకబెట్టి జిగురు తీస్తే పట్టు మెత్తబడుతుంది, మెరుస్తుంది. తీయకుండా ఉంచితే బిరుసుగా ఉండి పక్క పోగును అంటుకుని నిలబడుతుంది. ఇక రెండో చిక్కు, తెగడం. గాలి పొడిగా ఉంటే సన్న పోగు పుటుక్కున తెగుతుంది, కాస్త తేమ ఉంటే సాగి ఓర్చుకుంటుంది. ఒకప్పుడు ఢాకాలో మస్లిన్ కోసం నూలు వడికినవాళ్లు తెల్లవారుజామున, మంచు ఇంకా ఆరకముందే పనికి కూర్చునేది అందుకే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎడంగా నేస్తే ఏమవుతుంది అని అడిగితే పోగు జరుగుతుందని మగ్గం జవాబు చెప్పింది. జరగకుండా ఎట్లా ఆపాలి అన్నది ఆ జవాబులోంచి పుట్టిన ప్రశ్న. అది జిగురు దాకా తీసుకుపోయింది. చేత్తో చేసి చూసే ప్రశ్నకు ఈ గుణం ఉంది. ఒక జవాబు ఇస్తూనే ఇంకో ప్రశ్నను చేతిలో పెడుతుంది. విజయ్ అగ్గిపెట్టె చీర దగ్గర ఆగలేదు. సువాసన వచ్చే చీర నేశారు, రంగులు మారే చీర నేశారు. సిరిసిల్లలోనే వెల్ది హరిప్రసాద్ తన మగ్గం మీద జీ20 గుర్తును నేసి ప్రధానమంత్రికి పంపారు. 2022 నవంబరులో రేడియోలో వచ్చిన 'మన్ కీ బాత్'లో ఆ ప్రస్తావన వచ్చింది.

ఇక రెండో ప్రశ్న. అగ్గిపెట్టె చీర పరంధాములుకే ఎట్లా తట్టింది?

మనకు బొత్తిగా తెలియని విషయం మీద ఆసక్తి కలగదు. పూర్తిగా తెలిసినదాని మీదా కలగదు. సగం తెలిసి, మిగతా సగం తెలియలేదన్న సంగతి తెలిసినప్పుడే మనసు లాగుతుంది. జార్జ్ లోవెన్‌స్టైన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1994లో కుతూహలం గురించి రాస్తూ దీన్నే వివరించారు. తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనిపిస్తే, దాన్ని పూడ్చేదాకా మనిషికి తోచదు. మగ్గం ముట్టనివాళ్లకు అగ్గిపెట్టెలో చీర ఒక వింత, విని ఆశ్చర్యపోయి మరిచిపోతారు. ఏ పోగు ఎంత లాగితే తెగుతుందో వేళ్లకు తెలిసిన మనిషికి మాత్రం అది వింత కాదు, ఇంకా సన్నగా నేయలేమా అన్న లెక్క. అందుకే కొత్త ఆలోచన గాల్లోంచి ఊడిపడదని నా నమ్మకం. రోజూ చేసే పనిని బాగా ఎరిగినవాళ్లకే అందులోని ఖాళీ కనిపిస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 2014లో కాలిఫోర్నియాలో ఒక పరిశోధన జరిగింది. మనుషులను కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబు కోసం కాసేపు ఎదురుచూడనిచ్చి, ఆ ఎదురుచూపు నడుమ ఎవరివో ముఖాలు చూపించారు. జవాబు కోసం తహతహలాడినప్పుడు చూసిన ముఖాలు తర్వాత బాగా గుర్తున్నాయి. ప్రశ్నకూ ఆ ముఖాలకూ ఏ సంబంధమూ లేదు. అంటే కుతూహలంతో ఉన్న మనసు వెతుకుతున్నదాన్నే కాక దారిలో కనబడినదాన్ని కూడా దాచిపెట్టుకుంటుంది. కొత్త వస్తువు తయారయ్యేది చాలాసార్లు అలా దాచుకున్నవాటితోనే.

చింతగింజను చూడండి. పప్పు నూరి నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురవుతుంది. గింజలోని పిండి నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే గట్టిపడుతుంది. కురుమలు గొంగడి ఉన్నికి పెట్టే గంజి అది. నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్ల ఇంటికి పోతే అదే జిగురు రంపపు పొట్టుతో కలిసి లప్పమై కనిపిస్తుంది. ఆ బొమ్మలు చెక్కే పొనికి కర్ర చాలా తేలిక, మెత్తన. పండు చేసినా పిట్ట చేసినా ముక్కలుగా చెక్కి అతికిస్తారు. ఆ అతుకుల గీత రంగు కింద కనబడకుండా మూసేది ఈ లప్పమే. గొంగడికి, కొయ్యబొమ్మకు చుట్టరికం ఏముంది? ఒక పనిలో చూసిన జిగురు ఇంకో పనిలో గుర్తుకు రావడమే.

ఇవన్నీ పేరున్న పనివాళ్ల సంగతులు, మన ఇళ్లల్లో ఏముంది అని అడుగుతారేమో. బతుకమ్మ పండుగ నాడు కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఏ ఇంట్లోనైనా కూర్చుని చూడండి. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, పువ్వుల వరుస మీద వరుస పేరుస్తారు. "అమ్మమ్మా, గునుగు పువ్వుకే రంగు ఎందుకద్దుతరు? తంగేడుకు అద్దరెందుకు?" అని మనుమరాలు అడిగితే, అది తోసిపుచ్చే ప్రశ్న కాదు. తంగేడు రేకు నున్నగా, తడిగా ఉంటుంది. రంగునీళ్లు జారిపోతాయి, సాయంత్రానికి పువ్వే వాడిపోతుంది. గునుగు రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి. కోసినా ముడుచుకోవు, రంగునీళ్లను పీల్చుకుంటాయి. అందుకే కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, రంగులో ముంచి ఆరబెడతారు. ఈ సంగతి తెలిసిన పిల్ల మర్నాడు పెరట్లో ఇంకే పువ్వు పొడిగా ఉందో వెతుకుతుంది. ఎత్తు పెంచాలనుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. చుట్టూ పువ్వులే పేరిస్తే నడుమ బోలుగా ఉండి ఒరిగిపోతుంది. అందుకని కోసిపారేసిన కాడలు, ఆకులు నడుమ కూరుతూ పోతారు. పారేసేవే లోపల గట్టి నింపుడు అవుతాయి. ఒక్కో వీధిలో ఒక్కో తీరు బతుకమ్మ ఉండేది ఇందుకే. ఏటా ఎవరో ఒకరు ఏదో ఒకటి మార్చి చూస్తారు.

అయితే కుతూహలం ఉంటే చాలు అని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మీటరుకింత అని కూలి లెక్కగట్టే సాంచా దగ్గర పన్నెండు గంటలు నిలబడే మనిషికి, తెగిన పోగు ఒక నష్టం మాత్రమే. "ఇట్ల చేస్తే ఏమైతది" అని చూడడానికి నాలుగు మూరల దారం వృథా చేసుకునే వీలు ఆయనకు లేదు. నేతన్నల చావుల వార్తలతోనే సిరిసిల్ల పేరు పత్రికల్లో కనిపించిన ఏళ్లున్నాయి. ఆ ఏళ్లలో ఎన్ని చేతుల్లో ఎన్ని ఆలోచనలు పుట్టకుండానే పోయాయో. ప్రశ్న ఎదగడానికి కాస్త తీరిక కావాలి, పాడుచేసినా ఎవరూ తిట్టని కాస్త సరుకు కావాలి, అడిగినప్పుడు కసురుకోని పెద్దమనిషి ఒకరు కావాలి. పిల్లలకైతే ఈ మూడూ మన చేతిలో ఉన్నవే.

కాబట్టి మీ పిల్ల అగ్గిపెట్టె చీర గురించి అడిగితే ఒక పని చేయండి. గాయానికి కట్టే గాజుగుడ్డ ముక్క ఒకటి, పాత చొక్కా ముక్క ఒకటి తెచ్చి, కొలబద్ద పెట్టి ఒక్కో సెంటీమీటరులో పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని లెక్కపెట్టనివ్వండి. రెండు ముక్కలూ ఒకే కొలతకు కత్తిరించి, అగ్గిపెట్టెలో ఏది ఎంత పడుతుందో కూరి చూడనివ్వండి. తర్వాత రెండింటినీ తడిపి, పిండి, మళ్లీ కూరమనండి. తడిపాక ఎక్కువ పడుతుందా, తక్కువ పడుతుందా అన్నది ముందే చెప్పకండి.