లామినేషన్ మిషన్: కొనేముందు కాగితాన్ని చూడండి

లామినేషన్ మిషన్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందు ధర అడుగుతారు, ఆ తర్వాత నిమిషానికి ఎన్ని చేస్తుందని అడుగుతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీరు అందులో పెట్టబోయే కాగితాలు వేడికి తట్టుకుంటాయా?

జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది పౌచ్ మిషన్. పౌచ్ పైపొర పాలిస్టర్, లోపలివైపు ఈవీఏ అనే జిగురు పూత. వేడి రోలర్ల మధ్య నుంచి వెళ్లేటప్పుడు పైపొర అలాగే ఉంటుంది, జిగురు కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది. వేడి చాలకపోతే జిగురు సగమే కరిగి కార్డు మీద తెల్లటి మసక మిగులుతుంది. ఎక్కువైతే కార్డు వంకర్లు పోతుంది. 80 మైక్రాన్ల పౌచ్‌కు సరిపోయే వేడి 250 మైక్రాన్లకు చాలదు. అందుకే వేడిని పెంచి తగ్గించుకునే వీలున్న మిషనే కొనాలి. ఈ విషయంలో రాజీ పడొద్దు.

రెండు రోలర్లదానికన్నా నాలుగు రోలర్లది మేలు. ఒక జత అతికిస్తుంటే ఇంకో జత లాగి పట్టి చదునుగా బయటికి పంపుతుంది. పౌచ్ ఇరుక్కుంటే వెనక్కి తిప్పే రివర్స్ స్విచ్ తప్పకుండా ఉండాలి. పౌచ్‌ను మూసి ఉన్న అంచు వైపు నుంచే లోపలికి పంపాలి, లేదంటే రోలర్లకు చుట్టుకుంటుంది. షాపు పెట్టేవాళ్లు ఏ4 కాకుండా ఏ3 తీసుకోవడం మంచిది. ఐడీ కార్డు నుంచి బడి గోడ మీద తగిలించే చార్టు దాకా అందులోనే అయిపోతాయి.

ఇక కోల్డ్ లామినేషన్. ఫ్రిజ్ కొన్న బిల్లును వారంటీ కోసం లామినేషన్ చేయించబోయి, నల్లటి కాగితం చేతికొచ్చినవాళ్లు ఉంటారు. అలాంటి బిల్లులు, ఏటీఎం స్లిప్పులు థర్మల్ కాగితం మీద వస్తాయి. వేడి తగిలితే నల్లబడటమే ఆ కాగితం గుణం, అందులో అక్షరాలు పడేదీ అలాగే. కోల్డ్ ఫిల్మ్‌కు అంటుకునే జిగురు ముందే ఉంటుంది కాబట్టి ఒత్తిడి ఒక్కటే చాలు. ఫొటో స్టూడియోలకు ఇదే అనువైనది. హాట్, కోల్డ్ రెండూ ఉన్న మిషన్ అయితే, కోల్డ్‌కు మార్చాక రోలర్లు పూర్తిగా చల్లారేదాకా ఆగాలి.

పుస్తకాల అట్టలు, పెళ్లిపత్రికలు వందల్లో చేసే ప్రెస్సులకు పౌచ్ గిట్టుబాటు కాదు. వాళ్లకు రోల్ మిషనే సరి.

ఎంత మంచి మిషన్‌లో చేసినా, అతికిన పొరను కాగితం చిరగకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. అమెరికాలో విలియం బారో 1930లలో పాత పత్రాలను కాపాడాలని సెల్యులోజ్ అసిటేట్ పొరతో లామినేషన్ చేశారు. తర్వాతి కాలంలో ఆ పొరలను తీయడమే అక్కడి ఆర్కైవ్స్ వాళ్లకు పెద్ద పనైంది. షాపు నడిపేవాళ్లకు నా మనవి ఒక్కటే. ఎవరైనా పదో తరగతి మెమోనో, రిజిస్ట్రేషన్ దస్తావేజునో తెస్తే ఒరిజినల్‌ను మిషన్‌లో పెట్టకండి. జిరాక్స్ తీసి, దానికి లామినేషన్ చేసి ఇవ్వండి.