పేరులేని వార్త

ముద్రితమగు ప్రతి పత్రికపైనను ముద్రాపకుని పేరును, ముద్రణస్థలమును ఉండవలెనని 1867వ సంవత్సరపు చట్టము శాసించెను. అది పరప్రభుత్వము చేసిన శాసనమే యైనను అందొక ధర్మము కలదు: మాటను లోకమున విడిచినవాడు దానికి బాధ్యుడు.

ఈ ధర్మము లోపించినచో నేమగునో 2018వ సంవత్సరమున దేశము చూచినది. కరాచీ నగరమున నొక సంస్థ బాలరక్షణ ప్రబోధమునకై చిన్న చలనచిత్రమును నిర్మించెను. అందు మోటారుసైకిలుపై వచ్చిన యిద్దఱు ఒక బాలు నెత్తుకొనిపోయి, వెంటనే తిరిగి తెచ్చి దించి, బిడ్డలను కనిపెట్టి యుండుడని హెచ్చరింతురు. ఎవరో యీ తుది భాగమును కత్తిరించిరి. మిగిలినది వాట్సాప్ మూలమున మనదేశమున నిజమైన యపహరణముగా వ్యాపించెను. ఇట్టి వదంతులు ప్రబలియున్న ఆ దినములలో, జూలై 1వ తేదీని, మహారాష్ట్రమందలి ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామమున, భిక్షాటనముచే జీవించు సంచారజాతివారి నైదుగురిని పిల్లల దొంగలని భ్రమించి జనులు కొట్టి చంపిరి.

వచ్చిన సందేశమును ఒక్కమాఱు ఐదు చోట్లకు మించి పంపుటకు వీలులేని కట్టుబాటును ఆ మాసముననే వాట్సాప్ సంస్థ మనదేశమునకు ప్రకటించెను. మంచిదే. కాని బంధువు పంపినాడు కావున నిజమే యను విశ్వాసమునకు ఏ యంత్రము కట్టుబాటు చేయగలదు? సందేశమును పంపు ప్రతివాడును నేడు ప్రచురణకర్తయే. తన పేరు పెట్టి ప్రకటింప జంకు మాటను ఇతరులకు పంపకుండుట ప్రతి పౌరుని విధియని మేము భావించుచున్నాము.