ఆవిణ్ని ఇంకేమీ అడగరా?

జూలూరుపాడులో మా ఇంటి టేప్‌రికార్డర్‌కి రెండే గొంతులు తెలుసు. నాన్నగారి ఘంటసాల, నా టీనా టర్నర్! కొత్తగూడెంలో చదువుకునే రోజుల్లో స్నేహితురాలిచ్చిన క్యాసెట్ అది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. "గొంతు బొంగురుపోయినా ఆపదేమే ఆవిడ?" అనేది అమ్మ. ఆ బొంగురే కదా నాకు నచ్చింది!

డాన్ లిండ్సే, టి.జె. మార్టిన్ తీసిన 'టీనా' డాక్యుమెంటరీ 2021లో వచ్చింది. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో పెట్టిస్తే, పొయ్యి మీద పప్పు మాడేదాకా చూశాను.

ఆవిడ అసలు పేరు అన్నా మే బుల్లక్. 1939లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, నట్‌బుష్ దగ్గర పుట్టింది. చిన్నప్పుడు పత్తి ఏరింది. పత్తి ఏరడమంటే ఏంటో మన వైపు ఆడవాళ్లకి వేరే చెప్పాలా? 'టీనా' అన్న పేరు ఐక్ టర్నర్ పెట్టాడు, ఆవిణ్ని అడక్కుండానే. తర్వాత పెళ్లి, దెబ్బలు. 1976 జులైలో డల్లాస్‌లో నెత్తుటి మొహంతో, చేతిలో 36 సెంట్లతో హోటల్లోంచి పారిపోయింది. 1978లో విడాకులప్పుడు ఆస్తి వద్దంది, ఆ పేరొక్కటీ చాలంది.

1981లో ఒక పత్రికకి అంతా చెప్పేసింది. ఒకసారి చెప్పేస్తే పీడ వదులుతుందనుకుంది పాపం! అప్పట్నుంచి మైకు పట్టుకున్న ప్రతివాడూ అదే అడిగాడు. 44 ఏళ్ల వయసులో అమెరికాలో నంబర్ వన్ పాట పాడినా అదే, 1988లో బ్రెజిల్ స్టేడియంలో లక్షా ఎనభై వేల మంది ముందు పాడినా అదే. ఆ ప్రశ్న రాగానే ఆవిడ మొహంలో నవ్వు ఎలా ఆగిపోతుందో సినిమాలో చూడాలి.

మా చిన్నత్త గుర్తొచ్చింది. చంటిపిల్లతో పుట్టింటికి వచ్చేసి కుట్టుమిషను పెట్టుకుంది. జాకెట్టు గుడ్డ తెచ్చిన ప్రతివాళ్లూ "అసలేం జరిగింది వదినా?" అనేవాళ్లు. అత్త నోట్లో గుండుసూదులు పెట్టుకునేది, జవాబు చెప్పక్కర్లేకుండా. పదో తరగతిలో నేనూ అడిగాను. మిషను ఆపి లోపలికెళ్లిపోయింది. మర్నాడు నా జాకెట్టు మాత్రం కుట్టి పెట్టేసింది.

సినిమా మీద నా కోపం కూడా అదే. అడగొద్దని ఆవిడ బాధపడుతోందని చూపిస్తూనే, మళ్లీ అదే కథ గంటకి పైగా నడిపారు. ఆ గొంతుని ఎలా సాధన చేసింది, ఆ హైహీల్స్‌లో అంత గంతులెలా వేసేది, ఇవి కాస్త చెబితే ఏం పోయింది? నిజం చెప్పొద్దూ, ఆ హోటల్ రాత్రిని వెనక్కి తిప్పి రెండోసారి చూసింది కూడా నేనే.

2023 మే 24న ఆవిడ 83 ఏళ్ల వయసులో స్విట్జర్లాండ్‌లో పోయింది. నేను చూసిన వార్తల్లోనూ ఐక్ పేరు రానే వచ్చింది.

మొన్న సంక్రాంతికి చిన్నత్త దగ్గరికి గుడ్డ తీసుకెళ్లాను. ఇప్పటికీ కుడుతోంది. మొదట మిషను ఎక్కడ నేర్చుకున్నావత్తా అని అడిగాను. పొద్దు గూకేదాకా చెబుతూనే ఉంది.